చార్టుగారు గడియ పెట్టుకున్న వేళ

ఆ సోమవారం ఉదయం చార్టుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. డ్రైవర్ల డ్యూటీ చార్టు ముగించి, కళ్ళజోడు దుకాణానికి వెళ్ళి ఆ మనిషిని నాలుగు దులిపి రావాలి. ఫోన్లో ఇప్పటికే కొంత దులిపారు. శనివారం సెలవు పెట్టి మరీ చేయించుకున్న జోడు అది. తీరా పెట్టుకుని ఆఫీసులో కూర్చుంటే కంప్యూటర్లో అక్షరాలు గుండ్రంగా ఉబ్బి కనిపిస్తున్నాయి. అడుగున ఎడమపక్క ఉండాల్సిన బొమ్మలు మధ్యకు జరిగాయి. పవర్ తేడా కొట్టిందని ఆయన తేల్చేశారు.

ఆ బస్సుల కంపెనీలో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో తేల్చే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సంస్థ మూతపడి చాలాకాలమైంది. దాని అలకలూ మొరాయింపులూ తెలిసింది ఆయనొక్కరికే. ఆఫీసులో తనకున్న గౌరవమంతా దానిమీదే నిలబడిందని ఆయనకూ తెలుసు.

అంతలో కంప్యూటర్లు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "బాబాయిగారూ, మీ సిస్టమ్ అప్‌గ్రేడ్ గురించి మాట్లాడాలి. ఇప్పుడే వస్తున్నా."

చార్టుగారు ఠక్కున ఫోన్ పెట్టేశారు. ఆపరేటింగ్ సిస్టమ్ మారిస్తే పాత సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవని ఆయన ఎక్కడో విన్నారు. లేచి తలుపు గడియ పెట్టారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అప్‌గ్రేడ్ వైర్లోంచి కూడా రావచ్చని అనుమానం వచ్చి, ఆఫీసంతటి నెట్‌వర్క్ వైర్లూ వచ్చి కలిసే గోడమీది పెట్టె తెరిచి తన వైరు కోసం వెతికారు. అన్నీ నీలం రంగువే. ఎందుకైనా మంచిదని అన్నీ పీకేశారు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. టికెట్ కౌంటర్లు ఆగిపోయాయి. బయటి గేటుకున్న అడ్డుకర్ర వాలింది వాలినట్టే ఉండిపోయింది. దాని వెనక వీధి చివరిదాకా బస్సులు, హారన్లు. మేనేజరు పరుగున వచ్చి తలుపు బాదాడు. చార్టుగారు లోపలినుంచే ఒంట్లో బాగాలేదన్నారు. దాంతో మేనేజరు డాక్టరుకు కబురు పెట్టాడు, డ్రైవర్లు తలుపు బద్దలుకొట్టడానికి జాకీ రాడ్డు తెచ్చారు.

మొదటి దెబ్బ పడగానే ఆయనే గడియ తీశారు. కంప్యూటరుకు అడ్డంగా నిలబడి, అమ్మాయిని చూసి అన్నారు: "నేను రిటైరయ్యేదాకా దీన్ని బతకనివ్వమ్మా. ఇది పోతే ఇక్కడ నాతో ఎవరికి పని?"

ఆ అమ్మాయి ఆయన భుజం మీదుగా కంప్యూటర్ వైపు చూసింది. "అప్‌గ్రేడ్ శనివారమే అయిపోయింది బాబాయిగారూ. పొద్దున్నుంచీ మీరు చార్టు చేస్తున్నది కొత్త సిస్టమ్‌లోనే. మీ సాఫ్ట్‌వేర్ భేషుగ్గా నడుస్తోంది. దాన్ని వాడటం నాకూ నేర్పిస్తారేమో అడుగుదామనే వచ్చాను."

చార్టుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. ఆయనకు సిగ్గేసింది, అంతకుమించి సంతోషమేసింది. వైర్లెవరు పీకారని మేనేజరు అడుగుతుండగానే అమ్మాయికి కుర్చీ జరిపి మొదటి పాఠం మొదలుపెట్టేశారు.

కళ్ళజోడు దుకాణం మనిషికి మాత్రం ఇంతవరకూ ఎవరూ క్షమాపణ చెప్పలేదు.