ప్రామాణిక పగులు

నీళ్ళ ఆఫీసువాళ్ళు ఒక కెమెరా కొన్నారనీ, దాన్ని మేడమీద పెట్టి తిప్పితే మూడు వీధుల అవతల ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో, అందులో ఉప్పు పడిందో లేదో కూడా తెలిసిపోతుందనీ పక్కింటి పిన్ని చెప్పిందని మా ఆవిడ చెప్పింది. పిన్నికి ఈ సంగతి పాలు పోసే అతను చెప్పాడట. అతనికి ఎవరు చెప్పారో పిన్ని అడగలేదు. అడిగితే వార్త పలచబడిపోతుందని ఆవిడ భయం. మర్నాటికల్లా మా వీధిలో కిటికీలన్నిటికీ పరదాలు పడ్డాయి.

పరదాలు అనవసరం. ఆ కెమెరా చూసేది ఒక్క నీళ్ళ ట్యాంకునే. అది కూడా ట్యాంకు సంగతి తెలుసుకోవడానికి కాదు, తను ఎంత బాగా చూడగలదో తెలుసుకోవడానికి.

మనిషి ఇంతవరకు కనిపెట్టిన యంత్రాలన్నిటికీ మూలం ఒక్కటే: పనికి వీలైనంత దూరంగా నిలబడాలన్న కోరిక. నీళ్ళ ఆఫీసు ఈ సత్యాన్ని కాస్త ఆలస్యంగా గ్రహించింది. అంతకు ముందు ట్యాంకు కారుతోందని ఎవరైనా చెబితే ఫిట్టరు నిచ్చెన ఎక్కి చూసి, దిగి, "పగిలింది సార్" అనేవాడు. మధ్యాహ్నానికి సిమెంటు కలిపి పూసేవాడు. ఈ పద్ధతిలో కాగితం అనేదే లేకపోవడం పై అధికారులను ఎంతోకాలంగా కలచివేసింది. చివరికి కొత్త నిబంధనలు వచ్చాయి. ఒకటి, పగిలిన ట్యాంకుకు ముప్పై మీటర్ల లోపల ఆఫీసు ఉద్యోగి ఎవరూ నిలబడరాదు, ప్రాణం విలువైనది. (ట్యాంకు కిందే రేకుల షెడ్డులో ఉంటున్న కుట్టు మిషన్ అక్క ఉద్యోగి కాదు గనుక ఈ నిబంధన ఆమెకు వర్తించదు.) రెండు, పగులుకు దూరం నుంచి ఫొటో తీయాలి. ఫొటో లేనిదే మరమ్మతు లేదు.

అందుకే కెమెరా వచ్చింది. దీన్ని బ్రిడ్జ్ కెమెరా అంటారు. జేబులో పట్టే చిన్న కెమెరాకూ, పెళ్ళిళ్ళలో మెడకు వేలాడే పెద్ద కెమెరాకూ మధ్యరకం. లెన్సు ఊడిరాదు, కానీ మీట నొక్కితే ముందుకు సాగి, దూరంగా ఉన్నదాన్ని అరవై రెట్లు దగ్గరకు లాగుతుంది. (పేరు చూసి ఫైలును మొదట వంతెనల విభాగానికి పంపారు. వాళ్ళు పదకొండు రోజులు పరిశీలించి, దీనిమీద లారీ వెళ్ళదని రాసి తిప్పి పంపారు.)

కెమెరా రాగానే ఫొటో తీసేయొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. మీరు ఆఫీసులో పని చేసి ఉండరు. బొమ్మ నాణ్యత తేలని కెమెరాతో తీసిన బొమ్మకు విలువ ఏముంటుంది? కాబట్టి బొమ్మ నాణ్యతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఇంజనీరు గారు, కార్యదర్శి పెద్ద గుమాస్తా, నిపుణుడు స్టూడియో ఆయన. స్టూడియో ఆయన ఇరవై ఏళ్ళుగా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు. ఆయన చేతిలో నవ్వుతూ ఫొటో దిగినవాడు లేడు.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. బొమ్మ పదును తేల్చాలంటే సన్నటి గీతలున్న పటం ఒకటి ఎదురుగా పెట్టి తీయాలి. అలాంటి పటం ఆఫీసులో లేదు.

"పటమే కావాలని ఏముందండీ, సన్నటి గీత ఏదైనా సరిపోతుంది" అన్నాడు స్టూడియో ఆయన.

ముగ్గురూ మేడ ఎక్కి కెమెరాలోంచి చుట్టూ చూశారు. అక్కడికి నాలుగు వందల మీటర్ల దూరంలో, ట్యాంకు పొట్టమీద, వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. ఇంతకన్నా సన్నటి గీత చుట్టుపక్కల ఎక్కడా లేదు. పగులును ప్రామాణిక గీతగా రిజిస్టరులో నమోదు చేశారు.

మొదటి నెల తీసిన బొమ్మలో గీత కనీ కనపడనట్టుగా ఉంది. అంచుల్లో ఊదారంగు, ఆకాశం నిండా రవ్వ చల్లినట్టు మసక గింజలు. "పదును: సాధారణం" అని రాశారు. రెండో నెల గీత కుట్టుదారమంత కనిపించింది. "పదును: మెరుగు." మూడో నెల పెన్సిలంత లావుగా, నల్లగా, చక్కగా వచ్చింది. సంఘం సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కొత్త చెప్పులు కాలికి అలవాటు పడ్డట్టే, లెన్సు కూడా వాడగా వాడగా కుదురుకుంటుందండీ" అన్నాడు స్టూడియో ఆయన.

స్టాండు మోసుకొచ్చిన ఫిట్టరు వెనకనుంచి తొంగిచూశాడు. "సార్, కెమెరా అదే కద సార్. పగులు పెరిగింది."

"నువ్వు సభ్యుడివా?" అని అడిగాడు పెద్ద గుమాస్తా.

"కాదండి."

"మరి?"

ఫిట్టరు స్టాండు మడిచాడు. అతను అన్నమాట మాత్రం వృథా పోలేదు. దాన్ని "సభ్యేతర అభిప్రాయం, సాంకేతిక విలువ లేదు" అన్న శీర్షిక కింద శ్రద్ధగా రాసి ఉంచారు. ఇంజనీరు గారు కెమెరా అమ్మిన కంపెనీకి అభినందన లేఖ కూడా పంపారు.

ఈ మూడు నెలల్లో ట్యాంకు కింద కుట్టు మిషన్ అక్క కూడా ఊరికే కూర్చోలేదు. మొదట చుక్క మిషన్ పక్కన పడింది, గిన్నె పెట్టింది. తర్వాత ఎవరిదో కొత్త జాకెట్టు మీద పడింది, బకెట్టు పెట్టింది. అత్తగారి మంచం మూడుసార్లు జరిపింది, నాలుగోసారి జరపడానికి గోడ అడ్డం వచ్చింది. "నీళ్ళు కారేదాకా మా వాడు ఈ ఇంటికేసి చూడడు, కారాక అసలే చూడడు" అని అత్తగారు మంచం మీంచే కొడుకును దులిపేసేది. అతను లారీ మీద పదిరోజులకొకసారి ఇంటికి వచ్చే మనిషి.

అక్క కోరింది ఒక్కటే: ట్యాంకు ఖాళీ చేసి ఆ పగులు పూడ్చండి. మొదటి అర్జీ "ఫొటో జతపరచలేదు" అని తిరిగి వచ్చింది. రెండో అర్జీకి తన ఫోనుతో తీసిన ఫొటో జతచేసింది. ఆ ఫోను బొమ్మ నాణ్యత ఏ సంఘమూ తేల్చలేదు గనుక అది చెల్లలేదు. పైగా పెద్ద గుమాస్తా పక్కన ఎర్రసిరాతో ఒక మాట చేర్చాడు: "మరీ దగ్గరనుంచి తీసినందువల్ల పగులు ఉన్నదానికన్నా భయంకరంగా కనిపిస్తున్నది."

నాలుగో నెల సంఘం తీర్పు చెప్పింది. కెమెరా బొమ్మ నాణ్యత అత్యుత్తమం. ధ్రువపత్రం గోడకు తగిలించారు. అక్క మూడో అర్జీ పట్టుకొచ్చింది. ఇక ఫొటో ఉంది, కెమెరాకు పత్రం ఉంది, పగులైతే ఎప్పటినుంచో ఉంది. ఫిట్టరు సిమెంటు బస్తా సైకిలు మీద వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు కూడా.

అప్పుడు పెద్ద గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"సార్, చిన్న ఇబ్బంది. ఈ పత్రానికి ఏడాదే గడువు. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్షించాలి, అదే గీతమీద పరీక్షించాలి. ఇప్పుడు పగులు పూడ్చేస్తే గీత పోతుంది. గీత పోతే పత్రం చెల్లదు. పత్రం చెల్లకపోతే ఫొటో చెల్లదు. ఫొటో చెల్లకపోతే ఈ మరమ్మతు ఎలా చేయించాం అని రేపు ఆడిట్ వాళ్ళు అడుగుతారు."

ఇంజనీరు గారు కాసేపు ఆలోచించారు. ఎటునుంచి తోసినా ఆ వాదన కదల్లేదు. (ట్యాంకుకు కూడా అంత గట్టి సిమెంటు పడి ఉంటే ఈ కథే ఉండేది కాదు.)

"అయితే పగులును ఏడాది పాటు సంరక్షించాల్సిందే. కింద ఉండేవాళ్ళకు అభ్యంతరం లేదని ఒక సంతకం తీసుకోండి" అన్నారు.

అక్కను లోపలికి పిలిచి, కాగితం, పెన్ను చేతికిచ్చి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. కాగితం మొదటినుంచి చివరిదాకా, వెనకవైపు కూడా తిప్పి చదివింది.

"ఏడాదా సార్?"

"ఏడాదంటే ఎంతమ్మా, ఇట్టే గడిచిపోతుంది" అన్నాడు పెద్ద గుమాస్తా.

"మా అత్తకు డెబ్భై తొమ్మిది. ఆవిడకూ అలాగే చెప్పమంటారా?"

ఇంజనీరు గారు మంచిమనిషి. వాతావరణం తేలికపరుద్దామని కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పారు. "నువ్వే చూడమ్మా. నాలుగు వందల మీటర్ల నుంచి తీసింది ఇది. పగులు అంచున చీమ పాకుతోంది చూడు, దాని కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. ఇంత మంచి కెమెరా చుట్టుపక్కల ఏ ఆఫీసులోనూ లేదు."

స్టూడియో ఆయన చీమను వేలితో చూపించాడు. అక్క వంగి, తీరిగ్గా, చీమను చూసింది, పగులు చూసింది, పగులు కింద ఓ మూలగా వచ్చిన తన షెడ్డు రేకును చూసింది. తర్వాత పెన్ను మూత పెట్టి బల్లమీద పెట్టింది.

"బొమ్మ బాగుంది సార్. ఆ జూమ్ తీసేసి, మా గుమ్మంలో నిలబడి ఇలాంటిదే ఇంకొకటి తీయండి. మీ ముగ్గుర్లో ఎవరొస్తారో ఇప్పుడే చెప్తే, వెళ్ళి కుర్చీ వేసి ఉంచుతాను."