రిబ్బన్ తెగాకే పురుడు

ఇకమీదట కొండమీద ఒక్క బిడ్డ కూడా ఇంట్లో పుట్టడానికి వీల్లేదని మంత్రిగారు ముంచింగిపుట్టు సంతలో మైకు పట్టుకుని ప్రకటించారు. ఇలాంటి మాట చెప్పాలంటే గుండెధైర్యం కావాలి. పుట్టబోయేవాళ్లకి ముందుగా నోటీసు ఇవ్వకుండా చెప్పాలంటే మరీ కావాలి. చింతపండు అమ్ముకుంటున్న కృపావతి కూడా నలుగురితోపాటు చప్పట్లు కొట్టింది. కొట్టాక గుర్తొచ్చింది, కోడలు కనకకి నెలలు నిండాయని.

వాళ్ల ఊరికి రోడ్డు కొండ కిందున్న గెడ్డ దాకానే వచ్చింది, ఆ వాగు దాటలేదు. గెడ్డకి అవతల మనుషులున్నారని రోడ్డుకి ఇంకా ఎవరూ చెప్పలేదు. అందుకని నర్సు పావని సలహా మీద కృపావతి రెండు రకాలుగా సిద్ధమైంది. నొప్పులు మొదలవగానే కనకని గెడ్డ దాకా మోసుకుపోవడానికి వెదురుకర్రకి గట్టి దుప్పటి వేసి డోలీ కట్టించింది. మొయ్యడానికి కొడుకు సోంబరూ, వాడి ముగ్గురు స్నేహితులూ ఊరు వదిలి కదలకూడదని ఒట్టు వేయించుకుంది. అంత వ్యవధి లేకపోతే పురుడు ఇంట్లోనే పొయ్యాలి కాబట్టి, ఇల్లు ఎర్రమట్టితో అలికింది. ఎండుకట్టెలు పొయ్యి పక్కన పేర్చింది. పాత నూలుచీరలు మరిగే నీళ్లలో ఉడికించి ఆరేసింది. కనక పట్టుకుని బిగబట్టడానికి దూలానికి కొత్త తాడు వేలాడదీసింది. ఇక బిడ్డ రావడమే తరువాయి అనుకుంది.

బిడ్డకంటే ముందు స్పెషల్ ఆఫీసరు లక్ష్మీప్రసాద్‌గారు వచ్చారు.

ఆయన మామూలు మనిషి కాదు. పురుళ్లు ఇంట్లో జరక్కూడదు, ఆసుపత్రికి వెళ్లడానికి దారి లేదు. ఇంకొకరైతే దారి వేద్దామనుకుని చవగ్గా తేల్చేసేవారు. సారు మాత్రం కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, ఇంటినే ఆసుపత్రి చేసేస్తే ఆ తర్వాత అందులో ఎవరు పుట్టినా ఇంట్లో పుట్టినట్టు కాదు కదా అన్నారు. వెంట ఉన్న సిబ్బంది ఆ మాటని వెంటనే ఫైల్లో రాసుకున్నారు. ఊళ్లో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది కృపావతి ఇల్లు కాబట్టి, శుభ్రం చెయ్యడానికి దాన్నే ఎంచుకున్నారు.

మొదట పొయ్యి తీసేశారు. పొగకి ఫొటోలు సరిగ్గా రావట. నీళ్లెలా కాగుతాయని కృపావతి అడిగితే, గీజర్ శాంక్షన్ అయిందన్నారు. కరెంటు లేదు కదా బాబూ అంటే, గీజర్ వచ్చాక దానికోసం కరెంటు అడగొచ్చన్నారు. తర్వాత దూలానికున్న తాడు కోసేశారు. ఇనపమంచం గుమ్మంలో పట్టకపోతే పక్కగోడ పగలగొట్టి లోపల పెట్టి, మళ్లీ గోడ కట్టేశారు. గోడలకి వేసిన రంగు చూసి సారు ఉలిక్కిపడ్డారు. స్టోర్సువాళ్లు పొరపాటున పాత ప్రభుత్వం రంగు పంపారు. దానిమీద కొత్త ప్రభుత్వం రంగు వేయించి, గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టించారు. ఆదివారం మంత్రిగారు వచ్చి ప్రారంభించేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదన్నారు. ఇంటివాళ్లకి టెంపరరీగా పశువులపాక కేటాయించారు. పాక కూడా కృపావతిదే గాని, కేటాయించింది మాత్రం సారే.

"బాబూ, నొప్పులు ముందే వచ్చేత్తే ఏటి సెయ్యాలి?" అని అడిగింది కృపావతి.

"రాకూడదమ్మా. మంత్రిగారు మాలలో ఉన్నారు. పురిటిమైల ఉన్న ఇంట్లో అడుగు పెట్టరు. అందుకని ముందు ప్రారంభోత్సవం, తర్వాత ప్రసవం. ప్రోగ్రాం షీటులో ఆ వరసలోనే వేశాం."

"నాను సెప్తే ఇంటాదేటి లోపలి గుంట?"

"మోటివేట్ చెయ్యాలమ్మా," అన్నారు సారు. ఆయనకి ఓపిక ఎక్కువ.

కృపావతి కోడలి పొట్టమీద చెయ్యి వేసి, ఆదివారం దాకా ఆగవే తల్లీ అని నిజంగానే చెప్పి చూసింది. కనకకి నవ్వొచ్చింది. నవ్వితే నడుం పట్టేసింది.

లోపలి గుంట మంచి పిల్ల. ఆదివారం దాకా ఆగింది.

ఆ ఉదయం పార్టీ మండల ప్రెసిడెంటు ప్రేమ్‌కుమార్ రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు. ఆయనకి సంతవీధిలో పెద్ద కిరాణా కొట్టుంది, అందరికీ చుట్టరికం కలుపుతాడు. మంత్రిగారు గెడ్డ దగ్గర కారు దిగారట. మాలలో ఉండడంతో కాళ్లకి చెప్పుల్లేవు. దారంతా రాళ్లు. అడుగు వేసి చూసి, మళ్లీ కారెక్కి కూర్చున్నారట. ప్రేమ్‌కుమార్ ఊరంతా కలియజూశాడు. పాక చూరుకి ఆనించి ఉన్న డోలీ కనిపించింది.

"అది మా కోడలికి కట్టింది బాబూ," అంది కృపావతి.

"ఒక్క ట్రిప్పే కదా పిన్నీ. ఆ వచ్చేది కూడా మీ కోడలికోసమే."

సోంబరు తల్లి వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. ప్రేమ్‌కుమార్ భుజం తట్టి, బేగి రావాలి తమ్ముడూ అన్నాడు. కర్ర భుజానికెత్తుకుని నలుగురూ దిగిపోయారు.

వాళ్లు మలుపు తిరిగారో లేదో కనకకి నొప్పులందుకున్నాయి. ఆసుపత్రికి మోసుకుపోదామంటే డోలీ మంత్రిగారికోసం పోయింది. కృపావతి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. అక్కడ లక్ష్మీప్రసాద్‌గారు పళ్లెంలో కత్తెర పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఇల్లు ఆమెదే, మంచం ఆమె కోడలికోసమే. అడ్డం ఉన్నదల్లా జానెడు వెడల్పు గుడ్డముక్క.

"అరగంట ఓర్చుకోమనండమ్మా. మంత్రిగారు సగం కొండ ఎక్కేశారు."

"ఎక్కుతోంది ఆయన కాదు బాబూ, నా కొడుకు."

నర్సు పావని సారు ముఖం వంక ఒకసారి చూసి, తన సంచీ తీసుకుని పాకలోకి నడిచింది. కృపావతి ఆవుని బయటికి తోలి, మూడు రాళ్లు పెట్టి మంట రాజేసి నీళ్లు కాగబెట్టింది. తాడు లేదు కాబట్టి కనక అత్త మెడ పట్టుకుంది. మెడ విరిగిపోతుందేమో అనిపించింది కృపావతికి. విరిగినా ఫరవాలేదు, తల్లీ బిడ్డా ఇద్దరూ బతికి బట్టకడితే చాలనుకుని ప్రభువుకి దణ్ణం పెట్టుకుంది.

బయట డప్పులు మోగాయి. ఆడవాళ్లు చేతులు కలిపి థింసా మొదలెట్టారు. డోలీలో ఊగుతూ మంత్రిగారు ఊళ్లోకి వచ్చారు. సరిగ్గా ఆయన కాలు కింద పెట్టేసరికి, పాకలోంచి కేరుమని ఏడుపు.

ఏమిటది అని అడిగారు మంత్రిగారు.

"మైకు టెస్టింగ్ సార్," అన్నారు లక్ష్మీప్రసాద్‌గారు.

మంత్రిగారు చొక్కా సర్దుకుని, ఈ రోజునుంచి డోలీ అన్నది ఈ కొండల్లో ఎక్కడా కనిపించకూడదన్నారు. డోలీ మోసుకొచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టాలని చూశారు గాని, ఊపిరాడక చేతులు లేవలేదు. తర్వాత ఆయన రిబ్బన్ కత్తిరించి లోపలికి వెళ్లి, మంచంమీద చెయ్యి వేసి ఫొటో దిగి, గర్భిణి ఎక్కడ అని అడిగారు.

ప్రేమ్‌కుమార్ చెవిలో ఊదాడు, పాకలో ఆడపిల్ల పుట్టిందని. మంత్రిగారి చెయ్యి మెడలోని మాలమీదికి పోయింది. ఉద్యోగాలు ఊడే సమయమది. లక్ష్మీప్రసాద్‌గారు ఒక అడుగు ముందుకేశారు.

"సార్, ఈ గడప లోపల ఎవరూ పుట్టలేదు. కాబట్టి మైల లేదు. పుట్టింది పాకలో, పాక ఇల్లు కాదు. అంటే ఇంటి ప్రసవాలు సున్నా."

మంత్రిగారు ఆయన్ని కౌగిలించుకున్నారు. మర్నాడు పేపర్లో పడింది ఆ కౌగిలే. ఆడపిల్ల పుట్టిందని విన్నా, కూతుర్ని చూడ్డానికి సోంబరుకి సాయంత్రం అయింది. మంత్రిగారిని కిందికి మొయ్యాలి కదా.

వెళ్తూ వెళ్తూ సారు ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

వారం తిరక్కుండా లక్ష్మీప్రసాద్‌గారు మళ్లీ వచ్చారు. ఈసారి వెంట టేపూ, రంగుడబ్బాలూ, కొత్త బోర్డూ. పాక మోడల్ పైవాళ్లకి బాగా నచ్చిందట, జిల్లా అంతా పెట్టమన్నారట. అందుకని పాక బేగి ఖాళీ చేసి ఇమ్మని చేతులు జోడించి అడిగారు.

పసిగుడ్డుని ఒళ్లో వేసుకుని కూర్చున్న కృపావతి పాకని చూసింది, కొలతలు తీస్తున్నవాళ్లని చూసింది, గుంజకి కట్టిన ఆవుని చూసింది.

"మరి దీన్నెక్కడ కట్టాలి బాబూ? మా ఇంటి తాళం ఇయ్యి. పోనీ అందులోనే కట్టుకుంటాం."

ప్రజలు అడిగిందాన్ని కాదనే మనిషి కాదు సారు. ఫైలు తెరిచి, కళ్లజోడు పెట్టుకుని నిబంధనలు పైనుంచి కిందిదాకా ఓపిగ్గా చదివారు.

"గర్భిణులకి మాత్రమే ప్రవేశం అని ఉందమ్మా," అని, ఆవు వంక చూసి ఎంతో మర్యాదగా అడిగారు. "చూడిదేనా?"