ప్రశ్నల పెట్టె

"ప్రజాస్వామ్యానికి పునాది బడిలోనే పడాలి. రేపటినుంచి ప్రతి విద్యార్థీ ప్రశ్నిస్తాడు!" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. ప్రశ్నించమన్నది సాక్షాత్తూ ఆయనే కనుక, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ మహత్తర సంకల్పం సర్క్యులర్ రూపంలో సోషల్ మేడమ్ బల్లమీదికి దిగింది. ప్రతి బడిలోనూ నాలుగడుగుల చెక్క ప్రశ్నల పెట్టె ఉండాలి. దాని తాళంచెవి మంత్రిగారి ఆఫీసులో ఉంటుంది. ఆయన స్వయంగా వచ్చే రోజున పిల్లలు అడగాల్సిన పది ప్రశ్నలూ, వాటికి ఆయన ఇవ్వబోయే పది జవాబులూ వరస నెంబర్లతో జతచేయడమైనది. చెక్క మాత్రం జతచేయలేదు.

హెడ్‌మాస్టరు బడంతా కలియతిరిగి ఆడపిల్లల మరుగుదొడ్డి ముందు ఆగారు.

"తలుపు గట్టిదే. అసలు సిసలు టేకు."

"సార్, మరి పిల్లలో?" అంది మేడమ్.

"వారం రోజులే కదమ్మా! మంత్రిగారు అటు వెళ్లగానే ఇటు బిగించేద్దాం. ఇక్కడో సంతకం పడేయండి."

ఇరవై రెండేళ్లుగా పౌరుల హక్కుల పాఠం చెబుతున్న మేడమ్ సంతకం పెట్టింది. వడ్రంగి తలుపును ఐదు ముక్కలు కోశాడు. కోసిన తలుపును మళ్లీ ఎలా బిగిస్తారని ఆవిడా అడగలేదు.

ఆడపిల్లలు మంచినీళ్లు తాగడం మానేశారు. మేడమ్‌కీ వేరే దిక్కు లేదు కనుక నీళ్ల సీసా ఇంట్లోనే వదిలి రాసాగింది. పిల్లల మొహాలు చూడటానికి సిగ్గేసి, బోర్డువైపు తిరిగి పాఠం చెప్పింది.

రిహార్సల్స్ మొదలయ్యాయి. మూడో ప్రశ్న తొమ్మిదో తరగతి గడుగ్గాయి వంతుకొచ్చింది: "సార్, అలుపన్నది లేకుండా ఇంత సేవ ఎలా చేయగలుగుతున్నారు?"

"మేడమ్, నేను నిజంగా అడగాలనుకున్నది వేరే ఉంది."

"అది మనసులో అడుక్కోవే తల్లీ. ముందు మూడోది బట్టీపట్టు."

మంత్రిగారు విచ్చేశారు. వేదిక వెనక ఆయనదే నిలువెత్తు ఫ్లెక్సీ. చూపుడువేలు పైకెత్తి, పెద్ద పెద్ద అక్షరాల్లో 'ప్రశ్నించండి!' అంటున్నారు. మొదటి రెండు ప్రశ్నలూ నల్లేరుమీద నడకలా సాగిపోయాయి. గడుగ్గాయి లేచింది.

"సార్, మా మరుగుదొడ్డికి తలుపు ఎప్పుడు పెడతారు?"

మేడమ్ కుర్చీలోంచి సగం లేచింది. మంత్రిగారు మాత్రం తొణకలేదు. కాగితంలో మూడో నెంబరు మీద వేలు పెట్టి చదివారు:

"అదంతా మా అమ్మ పెంపకం తల్లీ!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో పిల్లలకు మేడమే నేర్పింది. గడుగ్గాయి కూడా అలవాటుకొద్దీ కొట్టేసింది.

వెళ్తూ వెళ్తూ మంత్రిగారు పెట్టెను తట్టి చూశారు. "ఏం టేకు! ఏం పనితనం! ఇది రాజధానిలో అద్దాల గదిలో శాశ్వతంగా ఉండాల్సిన పెట్టె!" అన్నారు. నలుగురు మోసుకెళ్లి జీపెక్కించారు. హెడ్‌మాస్టరు కళ్లు తుడుచుకున్నారు.

"చూశారా మేడమ్, మన బడి పేరు ఎక్కడికెళ్లిందో!"

"పేరుతోపాటు తలుపు కూడా వెళ్లింది సార్."

మర్నాడు బడి గంట కొట్టకముందే మేడమ్ ఫ్లెక్సీ విప్పి, తాడూ మేకులూ పట్టుకుని మరుగుదొడ్డి దగ్గరికెళ్లి స్టూలెక్కింది. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. కింద అంచు పట్టుకున్న గడుగ్గాయి తలెత్తింది.

"మేడమ్, మంత్రిగారి మొహం లోపలికా, బయటికా?"

జవాబు ముందే రాసిపెట్టని ప్రశ్న ఆవిడను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో.

"బయటికే పెట్టవే," అంది మేకు కొడుతూ. "అక్షరాలు కూడా కనపడాలి."