మూడు మాటల ప్రవేశ పరీక్ష

"మతిమరుపు మీద మహాసంగ్రామం ప్రకటిస్తున్నాం! ఈ సంగ్రామంలో మన ఆయుధం తాయ్‌చీ!"

అధ్యక్షులవారు మైకులో గర్జించేసరికి హాలు దద్దరిల్లింది. చప్పట్లు అయ్యాక, మిగతా ఉపన్యాసం చదవడానికి ఆయన కళ్లజోడు కోసం జేబులన్నీ తడుముకున్నారు. కళ్లజోడు నుదుటి మీదే ఉంది. ముందు వరసలో కూచున్న ఆయన భార్య తన నుదురు తట్టి సైగ చేసింది. పాపం తలనొప్పి కాబోలనుకుని ఆయన ఆవిడకేసి జాలిగా తలాడించి, కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు. "నాకు కాగితాలతో పనేమిటి! అంతా బుర్రలోనే ఉంది!" అన్నారు. మళ్లీ చప్పట్లు!

అధ్యక్షులవారంటే రిటైరైన ఉద్యోగుల కాలనీ సంఘానికి అధ్యక్షులు. సర్వీసంతా రికార్డుల శాఖలో వెలగబెట్టారు. ఏ ఫైలు ఏ బీరువాలో, ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవారని కాలనీ అంతా చెప్పుకుంటుంది. కాలనీకి ఆ మాట చెప్పింది ఆయనే అనుకోండి, అది వేరే సంగతి.

ఇక తాయ్‌చీ అంటారా, చైనావాళ్ల కసరత్తు, మహా నిదానమైన వ్యవహారం. గుర్రం జూలు నిమరాలి. కొంగలా రెక్కలు చాపాలి. కోతిని వెనక్కి తరమాలి. మేఘాల్ని అరచేతులతో పక్కకి నెట్టాలి. ఇదంతా తొందరపడకుండా, వరస తప్పకుండా జరగాలి. వయసు మళ్లినవాళ్లకి ఇది ఒంటికీ మంచిది, వరస గుర్తుపెట్టుకోవాలి కాబట్టి బుర్రకీ మంచిదని డాక్టర్లు చెప్పారు. అంతవరకూ ఎవరికీ పట్టలేదు. బాగా చేసిన కాలనీకి ఆరోగ్యశాఖవాళ్లు షీల్డు ఇస్తారనగానే మాత్రం అందరి మోకాళ్ల నొప్పులూ ఎగిరిపోయాయి!

కార్యవర్గ సమావేశంలో కార్యదర్శిగారికి ఒక ధర్మసందేహం వచ్చింది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, సంతకం సరిపోలకపోతే సొంత తమ్ముణ్ణి కూడా వెనక్కి పంపిన మనిషి.

"సార్, మతిమరుపు ఉన్నవాళ్లు క్లాసులో చేరితేనో?"

"చేరితే ఏమవుతుంది?"

"మర్చిపోతారు సార్! తనిఖీకి వచ్చిన రోజున వరస తప్పారనుకోండి..."

అధ్యక్షులవారి గుండె గుభేలుమంది. షీల్డు చేతిలోంచి జారి పగిలిన చప్పుడు కూడా వినిపించిందాయనకి. అక్కడికక్కడే తీర్మానం చేసి పడేశారు. ప్రవేశ పరీక్ష పెట్టాలి! పరీక్షని ఆయనే స్వయంగా రూపొందించారు. అభ్యర్థికి మూడు మాటలు చెబుతారు. తాళంచెవి, గొడుగు, ఏనుగు. తర్వాత కాసేపు మనవల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడించి, ఆ మూడు మాటలూ తిరిగి చెప్పమంటారు. ఒక్కటి తప్పినా ప్రవేశం లేదు!

"అంటే సార్, జ్ఞాపకశక్తి బాగా ఉన్నవాళ్లకే జ్ఞాపకశక్తి పెంచుతామన్నమాట!" అన్నారు కార్యదర్శిగారు మురిసిపోతూ.

"ఫలితాలు నూటికి నూరు!" అన్నారు అధ్యక్షులవారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

పరీక్షలో తప్పిన మొట్టమొదటి అభ్యర్థి ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ అధ్యక్షులవారి భార్య.

ఆవిడకి కొంతకాలంగా మతిమరుపు మొదలైంది. పాలు పొయ్యి మీద పెట్టి మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లిపోయేది. పక్కింటావిణ్ణి వాళ్లమ్మ పేరుతో పిలిచేది. రికార్డుల శాఖలో అంతటి మేధావికి మతిమరుపు భార్యా! బయటికి తెలిస్తే పరువేం కావాలి! అందుకని ఆయన "మా ఆవిడకి చెవులు కాస్త మందం" అని ప్రచారం చేశారు. దాంతో కాలనీలో ఆవిడకి ఎదురుపడ్డవాళ్లంతా బాగున్నారా అని కూడా చెవిలో అరిచి మరీ అడిగేవారు. ఆవిడ ఉలిక్కిపడేది.

పరీక్షలో ఆవిడ "తాళంచెవి... గొడుగు..." అని ఆగిపోయింది. "మూడోది పెద్దదేనండీ. ఏదో పెద్దదే."

"ఇదిగో, రూలు రూలే. నీ ఒక్కదానికి సడలిస్తే నలుగురూ నన్నేమంటారు?"

"నలుగురి సంగతి సరే, నా సంగతేంటండీ?" అందావిడ. "నాకు భయమేస్తోంది. ఏదో ఒక రోజు పొద్దున్నే లేచేసరికి నా ఇల్లే నాకు కొత్తగా కనిపిస్తుందేమోనని. అందుకేగా చేరతానంటున్నా!"

ఆయనకి లోపలెక్కడో కలుక్కుమంది. కానీ షీల్డు గుర్తొచ్చింది. చిత్రం, అది మాత్రం ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు! "చూద్దాంలే" అన్నారు.

పొయ్యి ఉన్న ఇంట్లో ఆవిణ్ణి ఒంటరిగా వదలడానికి లేదు. అందుకని రోజూ పొద్దున్నే వెంటబెట్టుకొచ్చి, హాలు కిటికీ బయట బెంచీ మీద కూచోబెట్టేవారు. కూచోమంటే కూచునే మనిషా ఆవిడ! అద్దంలోంచి లోపలికి చూస్తూ, తాయ్‌చీ నేర్పడానికి వచ్చే ట్రైనరమ్మాయి ఏం చేస్తే అది బయట నిలబడి చేసేది. ట్రైనరమ్మాయి అది గమనించి, ఆవిడకి కనబడేలా కాస్త పక్కకి జరిగి చూపించేది కూడా.

కొన్నాళ్లకి ఆ అమ్మాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఇప్పుడెలా అని అంతా దిగాలుపడ్డారు. "నేనున్నానుగా!" అంటూ అధ్యక్షులవారు వేదికెక్కారు.

ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఆయనకి ఒక్క ముక్క గుర్తులేదు! ఇన్నాళ్లూ ట్రైనరుని చూసి ఆయన, ఆయన్ని చూసి వెనకాయన, వెనకాయన్ని చూసి ఆ వెనకాయన, అలా నడిచిపోయింది క్లాసు. ప్రవేశ పరీక్ష నెగ్గిన మహామేధావుల్లో ఒక్కరికైనా వరస తెలిస్తే ఒట్టు!

సాయంత్రాలు ఇంట్లో తలుపేసుకుని సాధన మొదలుపెట్టారు.

"కొంగ తర్వాత ఏమిటే?"

"కోతండీ."

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదోనని అడిగా!"

మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఆవిడ ప్రతిసారీ విసుక్కోకుండా చెప్పేది. పొద్దున హాల్లో మాత్రం ఆయనకి దిగుల్లేదు. వేదికకి ఎదురుగానే కిటికీ. బయట ఆవిడ. ఆవిడ చెయ్యెత్తితే ఈయన చెయ్యెత్తేవారు, ఈయన్ని చూసి హాలంతా చెయ్యెత్తేది. క్లాసుకి రానివ్వని మనిషే క్లాసు నడుపుతోందని ఆయనకి తప్ప ఒక్కరికీ తెలియదు. ఆవిడకీ తెలియదు!

తనిఖీ రోజు రానే వచ్చింది. అధ్యక్షులవారు కొత్త చొక్కా తొడిగారు. "మతిమరుపుపై మహాసంగ్రామం" అని రాసిన పెద్ద బ్యానరు తెప్పించి, అందరికీ కనబడాలని దగ్గరుండి మరీ ఆ కిటికీకే అడ్డంగా కట్టించారు. తనిఖీకి వచ్చే ఆరోగ్యశాఖ డాక్టరుగారి కంట పడకూడదని భార్యని హాల్లోనే చివరి వరసలో, ఒక స్తంభం వెనకాల కూచోబెట్టారు.

గుర్రం జూలు నిమరడం అయింది. కొంగ రెక్కలు చాపడం అయింది. ఆ తర్వాత?

ఆయన కిటికీకేసి చూశారు. బ్యానరు! పై ప్రాణాలు పైనే పోయాయి. రెక్కలు చాపినవాళ్లు చాపినట్టే ఉండిపోయారు. చెమటకి ముక్కు మీంచి జారుతున్న కళ్లజోడుని ఆయన వేలితో పైకి తోసుకున్నారు. హాలంతా కళ్లజోడు పైకి తోసుకుంది. కళ్లజోడు లేనివాళ్లు కూడా! ఆయన కంగారుగా జేబు తడుముకున్నారు. అందరూ జేబులు తడుముకున్నారు. ఆయన మెడ గోక్కున్నారు. హాలంతా భక్తిశ్రద్ధలతో, మహా నిదానంగా మెడ గోక్కుంది.

డాక్టరుగారు కళ్లు చిట్లించారు.

"కోతి! కోతండీ!" చివరి వరస నుంచి కేక వినబడింది.

అధ్యక్షులవారిని పట్టుకుని కోతంటారా అని కార్యదర్శిగారు అదిరిపడ్డారు. అప్పటికే ఆవిడ చెప్పులు విడిచి ముందుకొచ్చేసింది. "కోతిని తరమాలండీ, ఇలాగ!" అంటూ వెనక్కి అడుగేసింది. ఆయనా వేశారు. హాలంతా వేసింది. కోతిని తరిమింది, మేఘాల్ని నెట్టింది, ఒక్క అడుగు తడబడకుండా చివరి నమస్కారం దాకా లాక్కొచ్చింది. డాక్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అధ్యక్షులవారు చటుక్కున మైకు అందుకున్నారు. "ఇదంతా మా క్లాసు ఫలితమేనండీ! ఈవిడ స్వయానా..."

డాక్టరుగారు ఆయన్ని పట్టించుకోలేదు. కార్యదర్శిగారు తన చెవిలో ఏదో ఊదడంతో ఆవిడ దగ్గరికెళ్లి గట్టిగా అరిచారు. "అమ్మా! ఎక్కడ నేర్చుకున్నారు?"

"అరవకు నాయనా, నా చెవులు బానే ఉన్నాయి. నాకున్నది మతిమరుపు. మూడు మాటలు చెప్పి పరీక్ష పెడితే ఒకటి మర్చిపోయా, అందుకే క్లాసులోకి రానివ్వలేదు. కిటికీలోంచి చూసి నేర్చుకున్నా."

డాక్టరుగారు హాలంతా కలయజూశారు.

"ఎవరు రానివ్వలేదు?"

ఆవిడ మొగుడికేసి చూసి, డాక్టరుగారి దగ్గరికి జరిగింది. "ఈయన్నేమీ అనకండి బాబూ. పాపం, ఈయనకీ ఉంది. రోజూ సాయంత్రం కొంగ తర్వాత ఏమిటని నన్నే అడుగుతారు."

అధ్యక్షులవారికి తల కొట్టేసినట్టయింది. డాక్టరుగారు ఆయన్ని చెయ్యి పట్టి కుర్చీలో కూచోబెట్టారు. "కంగారుపడకండి పెద్దాయనా. కొత్త పరీక్షేమీ వద్దు, మీరు పెట్టిన పరీక్షే. ఆ మూడు మాటలూ ఏమిటో చెప్పండి చాలు."

ఆయన నవ్వేశారు. తను తయారుచేసిన పరీక్ష! వచ్చినవాళ్లందరికీ తన నోటితో చెప్పిన మాటలు! గొంతు సవరించుకున్నారు.

"తాళంచెవి... గొడుగు..."

నవ్వు ఆగిపోయింది. అంతటి రికార్డుల శాఖా బీరువాలన్నీ వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆయన బెదిరిపోయి భార్యకేసి చూశారు. ఇంత భయంగా ఉంటుందా, ఆవిడకి రోజూ ఇలాగే ఉంటుందా అని ఆయనకి మొదటిసారి అనిపించింది.

"మూడోది పెద్దదేనండీ," అంది ఆవిడ మెల్లిగా. "ఏదో పెద్దదే."

"డాక్టరుగారూ, నేను... రూలు ప్రకారం..." అని ఆయన నీళ్లు నమిలారు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

"రూలు రూలే కదండీ. రేపట్నుంచి నాతోపాటే రండి. కిటికీ బయట బెంచీ మీద ఇద్దరికీ చోటుంది."