గేటు దాటని లెనీ

ఆ సోమవారం పొద్దున లెనీ హ్రబోవ్‌స్కీ పథకం చాలా సాదాగా ఉంది. కాఫీ తాగాలి, తండ్రికి ఒక అబద్ధం చెప్పాలి, లేక్‌పోర్ట్ హామర్స్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియం గేటు దాటాలి. జట్టు ఆటగాళ్ళంతా సమ్మెలో ఉన్నారు. ఆట ఆగితే తన గల్లాపెట్టె ఆగుతుంది కాబట్టి యజమాని దొరికినవాళ్ళతో ఆడించడానికి తెగించాడు. బారు గుమ్మంలో నిలబడి తాగుబోతుల్ని బయటికి విసిరే లెనీకీ కబురొచ్చింది. ఆ జట్టు చొక్కా తొడుక్కుని ఒక్క ఆదివారమైనా మైదానంలోకి పరిగెత్తాలని చిన్నప్పటి నుంచీ వాడి కల.

ఉన్న అడ్డల్లా తండ్రి ఎమిలే. ఉక్కు మిల్లులో ఎన్ని సమ్మెలు చేశాడో ఆయనకే లెక్క లేదు. "ఆ గేటు దాటినవాడు నా గుమ్మం తొక్కడు" అని ముందే తేల్చేశాడు. అందుకే బావ ఇంటి కప్పు బాగుచేయడానికి వెళ్తున్నానని చెప్పి, లెనీ సంచి భుజాన వేసుకున్నాడు.

గేటు ముందు ఆటగాళ్ళతోపాటు, వాళ్ళకి మద్దతుగా వచ్చిన మిల్లు ముసలాళ్ళూ ప్లకార్డులు పట్టుకుని తిరుగుతున్నారు. ముందు వరసలో ఎమిల్!

"ఒరేయ్ లెనీ! కప్పు పని మానుకుని వచ్చావా? నా రక్తంరా నువ్వు! ఆ సంచిలో ఏంటి?"

"మేకులు, నాన్నా." నిజమే, ఆట బూట్ల అడుగున ఉన్నాయి.

"పనికొస్తాయి. ముందు ఈ ప్లకార్డు పట్టు!"

ఇంతలో కిరాయి ఆటగాళ్ళ బస్సు వచ్చింది. లోపలున్న కోచ్ లెనీని గుర్తుపట్టి, రమ్మని చెయ్యి ఊపాడు.

"చూశారా, మావాణ్ణి రమ్మని సవాలు చేస్తున్నాడు!" అని అరిచాడు ఎమిల్.

సంగతి చెప్పుకుందామని లెనీ బస్సు తలుపు వైపు ఉరికాడు. వాడు కలబడబోతున్నాడనుకుని జనమంతా వెనకే ఉరికారు. బస్సు ఊగింది. కోచ్ టోపీ మీద గుడ్డు పగిలింది. డ్రైవరు దండం పెట్టి వెనక్కి తిప్పాడు. సాయంత్రం టీవీలో లెనీ సమ్మె వీరుడు.

కోచ్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఎత్తింది ఎమిల్. "మావాణ్ణి కొనాలనుకుంటున్నావా? పోరా!" మర్నాడు లెనీని గేటు కాసే దళానికి నాయకుణ్ణి చేశారు.

మూడో వారానికి సమ్మె బీటలు వారింది. ఆటగాళ్ళు తలలు వంచుకుని ఒక్కొక్కరే లోపలికి పోయారు. పెద్ద పేరున్న బక్ డెలాక్రా లెనీ దగ్గర ఆగాడు. "ఏం చెయ్యను తమ్ముడూ? ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ గ్యారేజీ కడిగిస్తోంది" అని దూరిపోయాడు.

"ద్రోహులు!" ఎమిల్ కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"నాన్నా, గేటు తెరిచే ఉంది..."

"తెరిచే ఉంటుందిరా. పరీక్షంతా అక్కడే."

ఆ సమ్మెలో చివరిదాకా గేటు దాటనివాడు ఒక్కడే తేలాడు: దాటడానికే వచ్చినవాడు.