మూడో అంతస్తులో బనియన్లు

బాలశౌరి వృత్తి భవనాలకు ఫొటోలు తీయడం. కదలని మెదలని దానికి ఫొటో తీయడం ఏం కష్టమని చుట్టాలంతా అంటారు. భవనం కదలదు, నిజమే. అందులో ఉండేవాళ్లే ఊరుకోరు.

కంకిపాడులో అతను అద్దెకుండే అపార్ట్‌మెంటుకు ప్లాను గీసిన ఆర్కిటెక్టు సత్యశ్రీ గారు తన ఆఫీసు గోడకు దాని ఫొటో కావాలన్నారు. నచ్చితే ఇకపై ఆవిడ కట్టించే భవనాలన్నిటి ఫొటోలూ బాలశౌరివే. నచ్చకపోతే గవర్నర్‌పేటలో బావమరిది జాన్సన్ స్టూడియోలో చేరి, పెళ్లిళ్లలో లైటు పట్టుకోవాలి. జాన్సన్ అప్పుడే "లైటు తుడిచి పెట్టాను బావా" అని కబురు కూడా పంపాడు.

పొద్దుగుంకాక ఆకాశం నీలంగా ఉండగానే తీయాలి, కిటికీలన్నీ వెలుగుతూ ఉండాలి, బాల్కనీల్లో ఒక్క గుడ్డ కనపడకూడదు అన్నది ఆవిడ షరతు.

గుడ్డల దగ్గరే వచ్చింది చిక్కు. ఊరందరి ఉతుకూ ఆ బాల్కనీల్లోనే ఆరుతున్నట్టుంటుంది. ఉన్నమాట భార్య హెలెన్‌కు చెబుదామా అంటే, ఆమె చెవిన పడింది గంటలో అయిదంతస్తులూ ఎక్కి దిగుతుంది. ఫొటో అంటే చాలు, అందరూ పట్టుచీరలు కట్టుకుని బాల్కనీల్లో నిలబడతారు. అందుకని బాలశౌరి అబద్ధమాడాడు.

"రేపు సాయంత్రం కరెంటాఫీసు వాళ్లు తనిఖీకొస్తారంట. వైర్ల పక్కన బట్టలుంటే ఊరుకోరంట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాలే."

హెలెన్ అతని మొహం వంక కాసేపు చూసింది. "సరే, అందరికీ చెప్తా. మీ బనియన్లు మాత్రం మీరే తీసుకోండి. నేను కింద కనకలక్ష్మి గారింట్లో ఉంటా."

మర్నాడు సాయంత్రం బాలశౌరి ఎదురు డాబా మీదికి చేరాక, లెన్సు ఇంట్లోనే మరిచిపోయానని తెలిసింది. ఆదరాబాదరా వెళ్లి తెచ్చుకున్నాడు. ఫొటోలో గోడలు వెనక్కి వాలినట్టు పడకుండా కెమెరా మట్టం సరిచేసుకుని తలెత్తాడు. ఆకాశం తను కోరుకున్న నీలంలోనే ఉంది. భవనంలో మాత్రం దీపమన్నది లేదు.

వెంటనే ఫోను చేశాడు. "హెలెన్, లైట్లేవి?"

"తనిఖీ అన్నారుగా. అందరూ ఆపేసుకున్నారు. కనకలక్ష్మి గారైతే ఫ్రిజ్జు కూడా ఆపేశారు."

నీలం నలుపెక్కుతోంది. పెళ్లిపందిట్లో లైటు మోస్తున్న తన బొమ్మ కళ్లముందు కదిలింది. ఏడుపొక్కటే తక్కువ. ఉన్నదంతా చెప్పేశాడు.

"ఈ ముక్క నిన్న చెబితే నోరు పడిపోయేదా?" అని హెలెన్ ఫోను పెట్టేసింది.

కాసేపటికి ఒక కిటికీ వెలిగింది. దాని పక్కది వెలిగింది. చూస్తుండగా అయిదంతస్తులూ వెలిగాయి. వెంటనే బాల్కనీల్లోకి పట్టుచీరలూ వచ్చాయి. బాలశౌరి నెత్తి పట్టుకున్నాడు.

సరిగ్గా భవనం నడిమధ్య, మూడో అంతస్తులో ఒక్క ఫ్లాటు మాత్రం చీకటిగా ఉంది. పక్కింటి వెలుగు పడి, దాని బాల్కనీలో బనియన్లు తెల్లగా ఊగుతున్నాయి.

మళ్లీ ఫోను చేశాడు. "మనింట్లో లైటెయ్యవే."

"తాళంచెవి మీ దగ్గరేగా, చివర బయల్దేరింది మీరు."

జేబులన్నీ తడుముకున్నాడు. లెన్సు కోసం వెళ్లినప్పుడు చెవి టీవీ మీద పెట్టి, తలుపు లాగేసి వచ్చాడు. లాగితే దానంతటదే పడే తాళం అది.

ఆకాశం ఇక ఆగేలా లేదు. కళ్లు మూసుకుని నొక్కాడు.

మర్నాడు సత్యశ్రీ గారి ఫోను వచ్చింది. హెలెనే ఎత్తి స్పీకరు నొక్కింది.

"బాగుందండీ. నా భవనంలో మనుషులుంటారని ఇన్నాళ్లకి తెలిసింది. గోడంత ప్రింటు వేయిస్తున్నా. ఇబ్రహీంపట్నం భవనం కూడా మీరే తీయండి. అంతమందిని ఎవరు పోగేశారండీ?"

"నేనేనండి, వాళ్లావిణ్ణి."

"అయితే అక్కడికి మీరూ రావాలి. అవునూ, అందరూ అంత చక్కగా నిలబడితే, మధ్యలో చీకట్లో బనియన్లు ఆరేసుకున్న ఆ మనిషెవరండీ?"



"మాకు తెలిసినాయనేనండి," అంది హెలెన్. "మనిషి మంచోడే. కాస్త దాపరికం ఎక్కువ."