గవ్వలపాళెంలో వీరజవాను దినం

"ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, రాబోవు బుధవారం మన సమితిలో వీరజవాను దినం జరుపబడును. ఆ రోజున పొలంలో అరక కదలరాదు. అంగట్లో త్రాసు లేవరాదు. సముద్రంలో తెప్ప దిగరాదు. ప్రజలందరూ తమ ఇంట్లో మనిషి పోయినట్టు సంతాపం పాటించవలెను. పాటించని వారి దేశభక్తిపై విచారణ జరుపబడును. ఇట్లు, చెంచురామయ్య, పంచాయతీ సమితి ప్రెసిడెంటు."

ఈ ప్రకటనను చెంచురామయ్య గారు స్వయంగా రాశారు. రాసి స్వయంగా చదువుకున్నారు. చదువుకుని, 'ఇంట్లో మనిషి పోయినట్టు' అన్న చోట స్వయంగా కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత దాన్ని దండోరా వేసేవాళ్ళకు ఇచ్చి ఊరూరా పంపించారు.

పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది దాటింది. యుద్ధం జరిగినన్నాళ్ళూ ప్రెసిడెంటు గారు దేశం కోసం ఎన్ని పాట్లు పడ్డారో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. శత్రు విమానాలు వస్తాయేమోనని, కరెంటు ముఖం చూడని పాళేల్లో కూడా తిరిగి తిరిగి లాంతర్లు ఆర్పించారు. వారానికో పూట అన్నం మానమని పై నుంచి పిలుపు వస్తే, ఆ పూట తమ ఇంటి పాలేళ్ళందరి చేతా మాన్పించారు. అంతటి మనిషికి జిల్లా పరిషత్తు చైర్మన్ కుర్చీ ఇంకా దక్కకపోవడం దేశం చేసుకున్న దురదృష్టమని సమితి ఆఫీసు మేనేజరు హజరత్తయ్య రోజుకోసారైనా బాధపడేవాడు. ప్రెసిడెంటు గారు వినేటంత దూరంలో నిలబడి బాధపడేవాడు.

ఆ కుర్చీ మినిస్టరు గారి చేతిలో ఉంది. మినిస్టరు గారు డిసెంబరులో నెల్లూరు టూరు వేసుకున్నారు. ఆయన్ని తమ సమితికి రప్పించడానికి ఏముందని చెంచురామయ్య గారు చాలా ఆలోచించారు.

"బుచ్చిరెడ్డిపాలెం వాళ్ళకు వడ్లున్నాయి. గూడూరు వాళ్ళకు నిమ్మకాయలున్నాయి. మనకేముందయ్యా?"

"వీరజవాను ఉండాడు సార్" అన్నాడు హజరత్తయ్య. "గవ్వలపాళెంలో చేపలు పట్టే పట్టపోళ్ళ పిలగాడు. మిలిటరీకి పొయ్యి మళ్ళీ రాలా. చుట్టుపక్కల ఏ సమితికీ అట్టాంటోడు లేడు."

"ఇంత గొప్ప వస్తువును పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేందయ్యా!" అని ప్రెసిడెంటు గారు కోప్పడ్డారు.

"ఇంకోటి సార్. మినిస్టరు గారికి వంజరం చేప పులుసంటే ప్రాణం. సముద్రం ఒడ్డున మీటింగని రాయండి. తప్పకుండా వస్తారు."

రాశారు. వస్తామని మినిస్టరు గారు మారు టపాలోనే జవాబిచ్చారు. సభ తర్వాత భోజనం, భోజనం తర్వాత చైర్మన్ సంగతి. మినిస్టరు గారు ఏ నిర్ణయమైనా భోజనం తర్వాతే తీసుకుంటారని హజరత్తయ్య భరోసా ఇచ్చాడు.

బుధవారం ఉదయం ప్రెసిడెంటు గారు గంజి పెట్టిన ఖద్దరులో జీపు దిగి, గవ్వలపాళెం ఒడ్డు చూసి నిలువునా పులకించిపోయారు. సముద్రంలో ఒక్క తెప్ప లేదు. అన్నీ ఇసుక మీదికి లాగి కట్లు విప్పి ఉన్నాయి. పిల్లాజెల్లాతో పాళెం పాళెమంతా ఒడ్డున బారులు తీరి కూర్చుని ఉంది. ఏ ఇంటి కప్పు మీదా పొగ లేదు. లారీలు పెట్టి తోలినా రాని జనం, దానంతట అదే పొద్దున్నే వచ్చి కూర్చోవడం ఆయన తన ప్రజాజీవితంలో ఎన్నడూ చూడలేదు.

చిన్న లోటు మాత్రం కనిపించింది. జనమంతా స్టేజీకి వీపు పెట్టి సముద్రం వైపు చూస్తున్నారు.

"వీళ్ళని కాస్త ఇటు తిప్పించవయ్యా" అంటూండగానే హజరత్తయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. వంటశాల నుంచి వస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, చేప లేదు."

"ఏ చేప?"

"ఏ చేపా లేదు సార్. నిన్న పడిందంతా నిన్ననే నెల్లూరు బుట్టలకెక్కింది. ఈ పొద్దు తెప్ప దిగలా. మనమే దిగద్దన్నాం గదా."

"పక్క పాళేల్లో?"

"అక్కడా మన దండోరా వేయించినాం సార్. గట్టిగా వేయించినాం."

"పోనీ ఏదైనా…"

"ఉప్పుచేప ఉంది సార్."

ప్రెసిడెంటు గారు తన వైపు చూసిన చూపుకు హజరత్తయ్య ఆ మాట అక్కడితో ఆపేశాడు. ఇద్దరూ కలిసి పాళెం పెదకాపు ముత్యాలయ్య దగ్గరికి వెళ్ళారు. పాళెంలో ఆయన మాట దాటి తెప్ప కదలదు. ముత్యాలయ్య లేచి దణ్ణం పెట్టాడు.

"ముత్యాలయ్యా, మీ భక్తికి మెచ్చినాం. చాలు. ఒక్క తెప్పను లోపలికి పంపు. రెండు వంజరాలు పడితే చాలు. దేశం కోసం."

"ఎట్ట పంపేదయ్యా? ఇంకా పిలుపు కాలేదే."

"ఏం పిలుపు?"

పెద్దవాళ్ళకు కూడా తెలియని సంగతులుంటాయని ముత్యాలయ్యకు అప్పుడే తెలిసింది. ఓపికగా చెప్పాడు. "మా పాళెంలో మనిషి సముద్రంలో పొయ్యి శవం దొరక్కపోతే, ఆ పొద్దు తెప్పలు ఆపేస్తామయ్యా. ఆపిన పెద్దమనిషే మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, పోయినోడి పేరు పెట్టి మూడుసార్లు పిలవాల. మూడో పిలుపుకి తల్లి లేచి నీళ్ళు నెత్తిన జల్లుకుంటాది. అప్పుడు తెప్ప దిగతాది. అంతదాకా దిగదు."

"అయితే పిలువు. ఆలస్యమెందుకు?"

"నేనెట్ట పిలిచేదయ్యా? ఎప్పుడూ తెప్పలాపేది నేను, అందుకని పిలిచేదీ నేనే. ఈ తడవ ఆపింది మీరు. ఇంట్లో మనిషి పోయినట్టని మీరే దండోరా వేయించినారు. మీ ఇంటి మనిషిని మీరే పిలవాల. మీకోసమే గదా పొద్దున్నించీ కూచోనుండాం."

ఈలోగా నీళ్ళ అంచున కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చి ప్రెసిడెంటు గారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఎవరన్నట్టు ఆయన చూశారు. వీరజవాను తల్లి పేరమ్మ అని ముత్యాలయ్య చెప్పాడు. స్టేజీ మీద కుర్చీలు వేయించేటప్పుడు ఈమె సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా, ఉన్న కుర్చీలు సమితి మెంబర్లకే చాలలేదు.

"మీరు సల్లంగుండాల సామీ" అంది పేరమ్మ. "నా బిడ్డ యాడో ఎండిన నేల మీద పోయినాడంట. శవం రాలా. సముద్రంలో పోయినోడు కాదు గదా, పిలుపు పనికొస్తాదో లేదోనని పాళెంలో తెప్పలు ఆపలా. వాళ్ళ తప్పు గాదులే. నేను మాత్రం పొద్దు గూకితే వాడికి బువ్వ ఎత్తి పెడతానే ఉండా. సాగనంపకుండా ఎట్ట మానేది? ఎన్నిమార్లు మానుకుందామన్నా చెయ్యి రాలా. మీరు దేవుడల్లే తెప్పలాపించినారు. మీ నోటితో పిలిస్తే వాడు యాడున్నా వింటాడు."

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి గానీ మొహంలో సంతోషం ఉంది. ఏడాదిగా దించుకోలేని బరువును దించుకునే రోజు వచ్చిందన్న సంతోషం అది. చూసినవాళ్ళెవరికైనా మనసు కరుగుతుంది. ప్రెసిడెంటు గారికి కూడా కరిగింది. చేతి గడియారం చూసుకుని, వెంటనే పిలుస్తానని మాటిచ్చారు. పేరమ్మ వెళ్ళి మళ్ళీ తన చోట కూర్చుంది.

ప్రెసిడెంటు గారు జోళ్ళు విడిచి, పంచె ఎగగట్టి, మోకాటి లోతు నీళ్ళలోకి దిగారు. గవ్వలపాళెం ఊపిరి బిగబట్టింది. ఆయన గొంతు సవరించుకుని, రెండు చేతులూ చాచి, నోరు తెరిచారు. కాసేపు అలాగే ఉండి, నోరు మూసుకుని, హజరత్తయ్యను నీళ్ళలోకి రమ్మని సైగ చేశారు.

"పేరేందయ్యా?"

"ఎవరి పేరు సార్?"

"వాడి పేరు!"

"వీరజవాను సార్."

"తల్లి పెట్టిన పేరయ్యా!"

హజరత్తయ్య ఆకాశం వైపు చూశాడు. గోడపత్రికల్లో, ఆహ్వానాల్లో, ప్రెసిడెంటు గారి ఉపన్యాసంలో అన్నిచోట్లా వీరజవాను అనే వేయించాడు. ఏ ఆఫీసరూ పేరేమిటని అడగలేదు. అడగని సంగతి కనుక్కునే దురలవాటు అతనికి లేదు.

ప్రెసిడెంటు గారు నాయకుడు. నాయకుడికి ఇలాంటివి లెక్క కాదు. చిరునవ్వుతో ముత్యాలయ్యను దగ్గరికి పిలిచారు.

"ముత్యాలయ్యా, మనవాడి పేరు ఎంత ముచ్చటైన పేరయ్యా! నీ నోటితో ఒకసారి అను, విందాం."

"అమ్మమ్మా! పిలుపు అయ్యేదాకా ఆ పేరు పాళెంలో ఎవరమూ అనకూడదయ్యా. నోళ్ళు కట్టుకోనుండాం. ముందు మీరనాల."

ఎండ పెరుగుతోంది. మినిస్టరు గారి కారు విడవలూరు దాటిందని కబురొచ్చింది. హజరత్తయ్య బుర్రను పదును పెట్టాడు.

"సార్, ఈ పాళేల్లో ఎక్కువమంది పోలయ్యలే. అనేసేయండి."

ప్రెసిడెంటు గారు సముద్రం దద్దరిల్లేలా పిలిచారు. "పోలయ్యా!"

"అయ్యా!" అంటూ జనంలోంచి ఒకాయన లేచి నిలబడ్డాడు.

మరుక్షణం అతని భార్య గుండెలు బాదుకుంటూ లేచింది. "నా మొగుడు నిక్షేపంగా ఉంటే సముద్రానికి పిలస్తాడేందమ్మో! నీకేం ద్రోహం చేసినాడయ్యా, ఓట్లన్నీ నీకే వేసినాడే!"

"పొరపాటమ్మా, పొరపాటు! కూర్చోండి!" అని హజరత్తయ్య సర్దిచెప్పి, ప్రెసిడెంటు గారి చెవిలో ఇంకో పేరు ఊదాడు.

"వెంకయ్యా!"

ఈసారి ముగ్గురు లేచారు. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు ఆరేడుగురు ఏడుపందుకున్నారు. గవ్వలపాళెం మగవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నక్కడం మొదలుపెట్టారు. వాళ్ళలో కొందరు తుపాను రాత్రుల్లో కూడా తెప్ప వదలనివాళ్ళు.

ముత్యాలయ్య చేతులు జోడించాడు. "ప్రెసిడెంటయ్యా, ఒక్కడిని పిలవమంటే పాళెమంతటినీ పేరుపేరునా సాగనంపుతారా ఏంది?"

పేరమ్మ మాత్రం కదల్లేదు. పెద్దాయన వరస చూసుకుంటున్నాడు, తన బిడ్డ వంతు వస్తుందనుకున్నట్టు ఓపికగా కూర్చుంది.

సరిగ్గా అప్పుడు మినిస్టరు గారి కారు వచ్చింది. మినిస్టరు గారు దిగుతూనే గాలి పీల్చి, "పులుసు వాసన రాదేమయ్యా?" అన్నారు. తడిసిన పంచెతో ప్రెసిడెంటు గారు ఎదురెళ్ళి దండ వేసి, సంగతి విన్నవించారు. పిలుపు అయితేనే తెప్ప, తెప్ప దిగితేనే వంజరం.

"ఇంతేనా? నేను పిలుస్తాను. తెప్పలాపింది మీ సమితి. సమితి మా గవర్నమెంటుది. అందరికంటే పెద్దమనిషిని నేనే కదా" అన్నారు మినిస్టరు గారు. న్యాయమేనని ముత్యాలయ్య ఒప్పుకున్నాడు. జనం మళ్ళీ సర్దుకుని కూర్చున్నారు. పేరమ్మ చెంగు నిండా కప్పుకుని, రెండు చేతులూ జోడించి సిద్ధమైంది. మినిస్టరు గారే వచ్చి పిలుస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

నీళ్ళలో నిలబడి మినిస్టరు గారు పక్కనున్న ప్రెసిడెంటు గారి వైపు మెల్లగా వంగారు.

"పేరేమిటయ్యా?"

"మన వీరజవానే సార్."

"అది తెలుసులేవయ్యా. పేరు?"

"చిత్తం సార్" అన్నారు ప్రెసిడెంటు గారు.

మినిస్టరు గారు ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూశారు. ముప్పై ఏళ్ళ ప్రజాజీవితం ఊరికే పోదు. గవ్వలపాళెం వైపు తిరిగి, గంభీరంగా చెయ్యెత్తారు.

"సోదర సోదరీమణులారా! ఈ త్యాగం మాటలకందనిది. నోరు తెరిచి పిలిచి దాన్ని మనం చిన్నబుచ్చకూడదు. కాబట్టి అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. ఆ రెండు నిమిషాలూ చూసి తీరవలసినవి. మినిస్టరు గారు కళ్ళు మూసుకుని తల వంచారు. చెంచురామయ్య గారు అంతకంటే కిందికి వంచారు. సమితి మెంబర్లు, తహసీల్దారు, పోలీసులు, హజరత్తయ్య, ఒక్కరూ పెదవి కదపలేదు. ఇంతమంది ఆఫీసర్లు ఒకేసారి ఇంత నిజాయితీగా మౌనం పాటించడం జిల్లా చరిత్రలో అదే మొదలని మర్నాడు పేపర్లో వచ్చింది. అలలు మాత్రం ఎవరి ఆర్డరూ లేకుండా మోగుతూ ఉన్నాయి.

మినిస్టరు గారు కళ్ళు తెరిచి గడియారం చూసుకున్నారు. బుచ్చిరెడ్డిపాలెం సమితి ప్రెసిడెంటు గారింట్లో కొరమీను పులుసు దించి చాలాసేపైందని ఆయన పీయే చెవిలో చెప్పాడు. కార్లు కదిలాయి. తడి పంచెతోనే జీపెక్కి చెంచురామయ్య గారు ఆ కార్ల వెంట పడ్డారు. హజరత్తయ్య స్టేజీ మీది కుర్చీలు లారీకెక్కించి, బ్యానరు చుట్ట చుట్టించి తీసుకుపోయాడు.

పాళెం మాత్రం అలాగే కూర్చుంది. పొద్దు వాలుతున్నా ఎవరూ తెప్ప మీద చెయ్యి వేయలేదు.

నీళ్ళ అంచు నుంచి పేరమ్మ వెనక్కి తిరిగి ముత్యాలయ్యను అడిగింది. "పిలిచేసినారా అన్నా? అలల హోరులో నాకు ఇనపళ్ళా."

ముత్యాలయ్య రోడ్డు వైపు చూశాడు. అక్కడ దుమ్ము కూడా అణిగిపోయింది.

"ఇంకా లేదు పేరమ్మా. పెద్దోళ్ళు గదా. గుర్తు చేసుకుంటా ఉండారు."